ఆర్కిటెక్చర్ మోడల్‌కు ఏ షీటు, ఎంత మందం, ఏ జిగురు: నల్లగొండ, పాలమూరు ఎండల్లో నిలిచే సామాను ఎంపిక

మోడల్ చేయాలనుకోగానే చాలామంది నేరుగా స్టేషనరీ షాపుకు పోయి, అక్కడ ఏ షీటు ఉంటే అది తెచ్చుకుంటారు. గోడలు కోసి నిలబెట్టాక చూస్తే తొమ్మిదంగుళాల గోడ కోట గోడలా కనిపిస్తుంది. సామాను ఎంపిక డ్రాయింగు మీద మొదలవ్వాలి. ముందు స్కేలు, స్కేలును బట్టి మందం, మందాన్ని బట్టి షీటు, షీటును బట్టి జిగురు. ఈ వరుస తప్పితే డబ్బు, రాత్రులు రెండూ పోతాయి. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇంకో ప్రశ్న కూడా ఉంది: తెచ్చిన షీటు, పెట్టిన జిగురు మే నెల ఎండకు నిలుస్తాయా?

స్కేలు, మందం

అసలు గోడ మందాన్ని మిల్లీమీటర్లలో రాసుకుని స్కేలు అంకెతో (1:50 అంటే అసలులో 50 మి.మీ. మోడల్‌లో 1 మి.మీ., కాబట్టి 50తో) భాగించండి. ఇటుక గోడ బయట 230 మి.మీ., లోపలి అడ్డగోడ 115 మి.మీ. 1:50లో ఇవి 4.6, 2.3 మి.మీ. అవుతాయి. 1:100లో 2.3, 1.15. 1:200లో బయటి గోడే 1.15కు దిగుతుంది. స్లాబు 125 మి.మీ. అనుకుంటే 1:50లో 2.5, 1:100లో 1.25.

ఇప్పుడు బజారులో దొరికే మందాలు చూడండి. సన్‌బోర్డు (తెల్లటి తేలిక నురుగు షీటు) 3, 5 మి.మీ. ఎక్కడైనా ఉంటుంది, 2 మి.మీ. కోసం కొంచెం వెతకాలి. మౌంట్ బోర్డు (పైన నున్నని కాగితం ఉన్న గట్టి అట్ట) దాదాపు ఒకటిన్నర మి.మీ., కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి పది షీట్లు కలిపి స్కేలుతో కొలిచి పదితో భాగించండి. గ్రే బోర్డు (బూడిద రంగు ముతక అట్ట) 1, 1.5, 2 మి.మీ.లలో వస్తుంది. అంటే 1:50 ఇంటికి బయటి గోడ 5 మి.మీ. సన్‌బోర్డు, లోపలి గోడ 2 లేదా 3. 1:100కు 2 మి.మీ. గ్రే బోర్డు, లోపలికి మౌంట్ బోర్డు. 1:200కు మౌంట్ బోర్డు ఒక్కటే చాలు. 1:500కు పోయాక గోడలు అడగకండి, కట్టడాలన్నీ నిండు బ్లాకులే.

4.6 బదులు 5 వాడితే వచ్చే తేడాను లోపలికి నెట్టండి. బయటి కొలత డ్రాయింగు ప్రకారం కచ్చితంగా ఉండాలి, పెరిగిన మందం గదిలోకి పోవాలి. మందం కంటికి కనబడేది మూడు చోట్లే: పిట్టగోడ పైఅంచు, కిటికీ లోతు, కప్పు ఎత్తి లోపల చూపించే మోడల్. కప్పు అతికించేసే మోడల్ అయితే లోపలి గోడల మందం గురించి బెంగ వద్దు. అసలు చాలా లోపలి గోడలు పెట్టాల్సిన పనే లేదు.

ఎవరు చూస్తారు, ఎన్నాళ్లుండాలి

క్లాసులో ఆలోచన చూపించే స్టడీ మోడల్‌కు గ్రే బోర్డు, పాత అట్టపెట్టెలు మించినవి లేవు. కోసి, చింపి, మళ్లీ అతికించడానికి చేయి వెనకాడదు. ఖరీదైన షీటు మీద చేసిన స్టడీ మోడల్‌ను మార్చడానికి మనసొప్పదు, డిజైను అక్కడే ఆగిపోతుంది. జ్యూరీకి (కాలేజీలో పని చూసి మార్కులు వేసేవారికి), ఇల్లు కట్టుకునేవారికి చూపడానికి సన్‌బోర్డు, మౌంట్ బోర్డు. ఆఫీసులోనో ప్రదర్శనలోనో ఏళ్ల తరబడి ఉండాలంటే యాక్రిలిక్, మంచి ప్లైవుడ్, పైన మూత.

ఇంకొక మాట. ఒక మోడల్‌లో ఒక ముఖ్య సామాను, దానికి తోడు ఇంకొకటి, అంతే. తెల్ల సన్‌బోర్డు, బాల్సా (కట్టరుతో కోయగల తేలిక చెక్క) కలిస్తే బాగుంటాయి. ఇటుక స్టిక్కరు, మెరుపు కాగితం, ప్లాస్టిక్ గడ్డి, రంగు ఇసుక అన్నీ ఒకచోట చేరితే కట్టడం కనబడదు, సంత కనబడుతుంది.

ఎండ లెక్క

నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. గదిలో ఉన్న మోడల్‌కు దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. అసలు ప్రమాదం రేకుల షెడ్డులో, ఎండలో ఆపిన కారులో. తలుపులు మూసిన కారులో వేడి 60 డిగ్రీలు సులభంగా దాటుతుంది. త్రీడీ ప్రింట్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 దగ్గరే మెత్తబడుతుంది. పీవీసీ ప్లాస్టిక్‌తో చేసిన సన్‌బోర్డు 75–80 దగ్గర పూర్తిగా మెత్తబడుతుంది, కానీ రెండు అంచుల మీద ఆనిన పలుచటి స్లాబు అంతకంటే ముందే కిందికి జారుతుంది. హాట్ గ్లూ కడ్డీల్లో చాలావాటికి 60–80 మధ్యే పట్టు వదులవుతుంది. యాక్రిలిక్ దాదాపు 105 దాకా నిలుస్తుంది. ప్రింటుకు వాడే మిగతా ప్లాస్టిక్‌లలో పీఈటీజీ 80, ఏబీఎస్ 100 దాకా ఫరవాలేదు.

కాబట్టి వేసవిలో చేసే మోడల్‌కు హాట్ గ్లూను కరెంటు తీగలు పట్టించడానికి, చెట్లు నిలపడానికి మాత్రమే వాడండి. గోడల మూలలు దానితో అతికిస్తే జడ్చర్ల నుంచి హైదరాబాద్ పోయేలోపు విడిపోవచ్చు. త్రీడీ ప్రింటు తప్పనిసరైతే పీఈటీజీలో వేయించండి. సన్‌బోర్డు స్లాబు కింద ప్రతి 80–100 మి.మీ.కు ఒక గోడో, దూలం ముక్కో ఆధారంగా ఉండేలా చూసుకోండి.

వేడికి సామాను సాగుతుందన్న సంగతి మూత చేసేటప్పుడు గుర్తుండాలి. యాక్రిలిక్ మీటరు పొడవుకు 20 డిగ్రీల తేడాకు దాదాపు 1.4 మి.మీ. పెరుగుతుంది. స్క్రూ బిగించే రంధ్రం స్క్రూ కంటే 2 మి.మీ. పెద్దగా లేకపోతే ఆ రంధ్రం దగ్గరే చీలుతుంది.

సన్‌బోర్డు అని ఇచ్చేవి రెండు రకాలు

మన జిల్లాల్లో సన్‌బోర్డు దొరకడం కష్టం కాదు. ఫ్లెక్సీ ప్రింటింగు షాపుల్లో పోస్టర్లు అతికించడానికి ఎనిమిదడుగుల షీట్లు తెస్తారు, మిగిలిన ముక్కలు తక్కువకే ఇస్తారు. కానీ ఆ పేరుతో రెండు వేర్వేరు వస్తువులు వస్తాయి. ఒకటి పూర్తిగా పీవీసీ, కోసిన అంచు లోపలా బయటా ఒకే తెలుపు, గోరు నొక్కినా పెద్దగా దిగదు. రెండోది ఇరువైపులా కాగితం, మధ్యలో నురుగు. అంచు చూస్తే మూడు పొరలు కనబడతాయి, గోరు నొక్కితే గుంట పడుతుంది, చేతిలో చాలా తేలిక.

ఈ తేడా తెలియక జిగురు దగ్గర దెబ్బతింటారు. పీవీసీ రకానికి ఫెవికాల్ పట్టదు, ఎండాక పొరలా ఊడివస్తుంది. దానికి ఫెవిక్విక్ కావాలి. కాగితపు రకానికి ఫెవిక్విక్ గానీ ఫెవిబాండ్ (రబ్బరు జిగురు) గానీ పెడితే మధ్యలోని నురుగు కరిగి గుల్ల అవుతుంది. దానికి ఫెవికాలే దిక్కు. కొత్త షీటు తెచ్చినప్పుడల్లా రెండంగుళాల ముక్క మీద ఒక చుక్క పెట్టి పావుగంట చూసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.

కోసే విధానం: 5 మి.మీ. సన్‌బోర్డును ఒక్క కోతలో తెంపాలని బలం పెట్టవద్దు. కట్టరు పక్కకు వాలి, అంచు ఏటవాలుగా వస్తుంది, మూలలో సందు పడుతుంది. స్టీలు స్కేలు ఆనించి మొదటి కోత గీతలా, తర్వాత మూడు నాలుగు తేలిక కోతలు. బ్లేడు ముక్కను తరచూ విరిచేయండి. మొద్దు బ్లేడు కాగితపు రకం లోపలి నురుగును పీకుతుంది, అంచు రంపంతో కోసినట్టు గరుకుగా వస్తుంది. కిటికీలు కోసేటప్పుడు నాలుగు మూలల నుంచి మధ్యకు కోయండి, మూల దాటి గీత పోదు.

పీవీసీ సన్‌బోర్డును లేజరు యంత్రంలో ఎప్పుడూ పెట్టించవద్దు. అందులోంచి క్లోరిన్ కలిసిన ఆవిరి వస్తుంది. ఊపిరితిత్తులకు హాని, యంత్రం లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తెలిసిన షాపువాళ్లు ఒప్పుకోరు. తెలియనివాళ్లు ఒప్పుకుంటే మీరే వద్దనండి. లేజరుకు ఎండీఎఫ్ (చెక్క పొట్టును నొక్కి చేసిన పలక), యాక్రిలిక్, మౌంట్ బోర్డు సరిపోతాయి.

మౌంట్ బోర్డు, గ్రే బోర్డు

సజ్జలు, మెట్లు, కిటికీ ఫ్రేములు, రైలింగులు, 1:200 గోడలు మౌంట్ బోర్డుతోనే చక్కగా వస్తాయి. 600 మి.మీ. సజ్జ, మందం 75 అనుకుంటే, 1:50లో 12 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. మందం. మౌంట్ బోర్డు ముక్క అచ్చంగా సరిపోతుంది. మెట్టు ఎత్తు 150 మి.మీ. అంటే 1:50లో 3 మి.మీ., రెండు పొరలు అతికిస్తే ఒక మెట్టు.

అట్టలన్నింటికీ ఉన్న జబ్బు వంకర తిరగడం. ఫెవికాల్‌లోని నీరు ఒక వైపు పీల్చుకుని ఆ వైపు ఉబ్బుతుంది, ఎండేటప్పుడు కుంచించుకుని లాగుతుంది. అందుకే పెద్ద ముక్క మీద ఒక వైపు కాగితం అతికిస్తే రెండో వైపు కూడా అలాంటిదే అతికించాలి. జిగురు పలుచగా పూయాలి, అతికించాక చదునైన బరువు కింద రాత్రంతా ఉంచాలి. రెండు అట్టలు కలిపేటప్పుడు రెండింటి పోగు (లోపలి నారలు సాగే దిక్కు) ఒకే దిక్కున పడేలా చూడండి. పోగు దిక్కు తెలుసుకోవడానికి అట్టను అటూ ఇటూ వంచండి, సులభంగా వంగే వైపు పోగు మడతకు సమాంతరంగా ఉన్నట్టు.

గ్రే బోర్డు ఎండ తగిలితే రంగు మారుతుంది, చెదలకు ఇష్టమైన తిండి. మైదా లై అసలు వద్దు. బొద్దింకలు, ఎలుకలు ముందు మూలలే కొరుకుతాయి.

బాల్సా, ఎండీఎఫ్, యాక్రిలిక్, థర్మోకోల్

బాల్సా చెక్క మూడు నాలుగంగుళాల వెడల్పు, మూడడుగుల పొడవు పలకలుగా వస్తుంది. నల్లగొండలో దొరకడం అరుదు, హైదరాబాద్ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించాలి కాబట్టి లెక్క ముందే వేసుకోండి. పోగు వెంబడి కోయడం తేలిక. అడ్డంగా కోస్తే చివర చీలుతుంది, కోత గీత కింద సెల్లో టేపు అంటించి కోస్తే చీలదు. అదే పనికి అగరబత్తి పుల్లలు (మందం సుమారు 1.3 మి.మీ.), ఐస్‌క్రీం పుల్లలు (2 మి.మీ. మందం, 10 వెడల్పు) చాలా చోట్ల సరిపోతాయి. చవక అని చిన్నచూపు వద్దు, కొలత కుదిరితే అది మంచి సామానే.

ఎండీఎఫ్‌ను లేజరులో కోయిస్తే అంచు గోధుమ రంగులో మాడుతుంది, పైన పొగ మరక పడుతుంది. కోయించే ముందు పైన మాస్కింగ్ టేపు వేయించండి. లేజరు గీత 0.1–0.2 మి.మీ. తింటుంది, అంటే గాడిలో దిగే ముక్కలు వదులవుతాయి. ఒక చిన్న ముక్క మీద గాడి పరీక్షించాకే మొత్తం కోయించండి. రంగు వేసేముందు అంచులకు నీళ్లలో కలిపిన ఫెవికాల్ ఒక పూత వేస్తే రంగు పీల్చుకోదు. వానాకాలంలో ఎండీఎఫ్‌ను నేల మీద ఆనించి పెడితే అంచు ఉబ్బుతుంది, మళ్లీ తగ్గదు.

కిటికీ అద్దానికి యాక్రిలిక్ అక్కర్లేదు. ఓహెచ్‌పీ షీటు (పలుచటి పారదర్శక ప్లాస్టిక్ షీటు) చాలు, దాని మీదే ఫ్రేము గీతలు గీయవచ్చు. పెద్ద గాజు ముఖభాగానికి, మూతలకు మాత్రమే యాక్రిలిక్. అద్దాల పని, అల్యూమినియం పార్టిషన్ పని చేసే షాపుల్లో ముక్కలు దొరుకుతాయి. యాక్రిలిక్‌ను ఫెవిక్విక్‌తో అతికిస్తే చుట్టూ తెల్లటి మబ్బు కమ్ముతుంది. దానికి యాక్రిలిక్ షాపుల్లో క్లోరోఫామ్ పేరుతో ఇచ్చే పలుచటి ద్రవం వాడతారు. రెండు ముక్కలు ఆనించి పట్టి, సన్న సూదితో సందులో ఒక చుక్క వదిలితే అదే పాకుతుంది. ఆ ఆవిరి మంచిది కాదు, కిటికీలు తెరిచి, ఫ్యాను మీ వెనక నుంచి బయటికి వీచేలా పెట్టుకోండి. లేజరులో కోసిన అంచును స్పిరిటుతో తుడవవద్దు, సన్న పగుళ్లు తేలతాయి. పైన ఉండే రక్షణ పొరను చివరి రోజు దాకా తీయకండి.

థర్మోకోల్ మీద స్కూలు ప్రాజెక్టుల వల్ల అందరికీ అనవసరమైన నమ్మకం. గోడలకు అది పనికిరాదు: అంచు గింజలు రాలుతుంది, సన్న కిటికీ నిలవదు, స్ప్రే పెయింటు తగలగానే కరుగుతుంది. గుట్టలకు, ఎత్తు నింపడానికి మాత్రం దాన్ని మించింది లేదు. కరెంటుతో వేడెక్కిన నైక్రోమ్ తీగతో కోయండి, ఫెవికాల్‌తో అతికించండి, నీటి రంగులే వేయండి. రెండు పెద్ద థర్మోకోల్ పలకల మధ్య ఫెవికాల్ ఎండడానికి రోజులు పడుతుంది, ఎందుకంటే గాలి ఆడదు. జిగురు చుక్కలుగా పెట్టి, వెదురు పుల్లలు మేకుల్లా గుచ్చితే ఆగకుండా పని సాగుతుంది.

ఫెవిక్విక్ గురించి ఒక్క ముక్క. అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది. ఏప్రిల్, మే పొడి గాలిలో ఆలస్యమైతే ఇంకా పోయడం తప్పు, ఎక్కువ పోస్తే ఇంకా ఆలస్యం. చుక్క పెట్టేముందు రెండో అంచు మీద నోటితో ఆవిరి ఊదండి, చాలు.

133 గజాల ఇంటికి సామాను లెక్క

30×40 అడుగుల ప్లాటు, అందులో 26×32 అడుగుల ఇల్లు, గ్రౌండ్ ప్లస్ వన్, స్కేలు 1:50. ప్లాటు 183×244 మి.మీ., ఇల్లు 158×195 మి.మీ. అంతస్తు ఎత్తు మూడు మీటర్లంటే 60 మి.మీ. పిట్టగోడ 900 అంటే 18 మి.మీ., పీఠం 600 అంటే 12.

బయటి గోడ చుట్టుకొలత 706 మి.మీ. రెండంతస్తులకు దాదాపు 0.085 చదరపు మీటరు. కోతలో పోయేది, తప్పులు కలిపి 40 శాతం చేర్చితే 0.12. ఒకటి బై రెండడుగుల 5 మి.మీ. షీటు (0.186) సరిపోతుంది. లోపలి గోడలు అంతస్తుకు 500 మి.మీ. పొడవు అనుకుంటే 0.06. పిట్టగోడ 0.013. రెండు స్లాబులు, పీఠం పైపలక కలిపి 0.093. మొత్తం 0.166, నలభై శాతం చేర్చితే 0.23. రెండు బై రెండడుగుల 3 మి.మీ. షీటు ఒకటి (0.37) చాలు. సజ్జలు, మెట్లు, ఫ్రేములకు మౌంట్ బోర్డు ఒకటి, అద్దాలకు ఏ4 ఓహెచ్‌పీ షీట్లు రెండు. ఫెవిక్విక్ చిన్న ట్యూబులు ఐదారు, ఒక్కసారి తెరిస్తే మరుసటి రోజుకు గడ్డకడతాయి కాబట్టి పెద్ద సీసా వద్దు. బేసుకు 12 మి.మీ. ప్లైవుడ్ 16×20 అంగుళాలు. ఇందులో ప్లాటు, చుట్టూ 75 మి.మీ., ముందు సగం రోడ్డు పడతాయి.

కోతకు ముందు ఒక్క తనిఖీ. ఎదురెదురు గోడలు రెండింటిని నిండు పొడవు కోస్తే, మిగతా రెండింటిని రెండు మందాలు తగ్గించి కోయాలి. 195 గోడలు నిండుగా ఉంటే 158 గోడలు 148కి కోయాలి. నాలుగూ నిండు కొలతకు కోసి, ఇల్లు పది మి.మీ. పెరిగి స్లాబు సరిపోలేదని తల పట్టుకోవడం మామూలుగా జరిగేదే. నిండు గోడను రోడ్డు వైపు పెట్టండి, అప్పుడు ముఖం మీద అతుకు గీత కనబడదు. అంతస్తు గోడలు నిలబెట్టేముందు స్లాబు కోసి దాని మీదే గోడలు పేర్చి చూడండి, ఆ తర్వాతే జిగురు.

మట్టి మిద్దె, పెంకుటిల్లు

పాలమూరు, నల్లగొండ పాత ఇండ్లకు ఇటుక లెక్క పనికిరాదు. రాయి, మట్టి గోడ 450 నుంచి 600 మి.మీ. దాకా ఉంటుంది. 1:50లో 9 నుంచి 12. ఇంత మందం షీటు కోయడం నరకం, కోసినా అంచు తిన్నగా రాదు. బోలుగా కట్టండి: బయటి వైపు 2 మి.మీ. అట్ట, లోపలి వైపు 2 మి.మీ. అట్ట, మధ్యలో 5 మి.మీ. ముక్కలు వరుసగా. గోడ 9 మి.మీ. అవుతుంది, తేలికగా ఉంటుంది. కిటికీ, దర్వాజ గూళ్ల లోపలి పక్కలను అట్ట పట్టీతో మూయండి. ఆ లోతే ఇంటికి ఊపిరి, పలుచటి గోడలో అది రాదు.

మిద్దె కప్పుకు దూలాలు, వాటి మీద దంతెలు, పైన మట్టి. దూలం 200 మి.మీ. చదరం అంటే 1:50లో 4 మి.మీ. బాల్సా కడ్డీ, దంతెలకు అగ్గిపుల్లల చెక్క, సుమారు 2 మి.మీ. కప్పును ఎత్తి చూపేలా విడిగా కట్టండి. దూలాలను కప్పుకే అతికించాలి, గోడలకు అతికిస్తే ఎత్తడం కుదరదు. వాకిట్లో రాతి కడీలు నిలపాలంటే గ్రే బోర్డు పట్టీలు రెండు కలిపి అతికించి, అంచులు ఉప్పు కాగితంతో అసమానంగా రుద్దండి.

మంగళూరు పెంకు సుమారు 410×235 మి.మీ. 1:50లో వరుస వెడల్పు 4.7 మి.మీ. ఒక వైపు గాడులు తేలిన కారుగేటెడ్ కాగితం కొనేముందు గాడి నుంచి గాడికి కొలవండి, 4–5 మధ్య ఉంటే తీసుకోండి. అట్టపెట్టె పొర తడిపి విప్పితే వచ్చే గాడి చాలాసార్లు పెద్దది, ఇల్లు బొమ్మరిల్లు అయిపోతుంది. ఆ కాగితాన్ని 8 మి.మీ. పట్టీలుగా కోసి, కింద నుంచి పైకి ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి అతికిస్తే పెంకు వరుసలు వస్తాయి. గూన పెంకులు 1:100లో విడివిడిగా చేయడానికి ప్రయత్నించకండి, గాడి కాగితమే చాలు.

గోడ గరుకుకు చెల్క మట్టి వాడితే రంగు కూడా అదే వస్తుంది. కానీ గింజ లెక్క మరవద్దు: 1:50లో 1 మి.మీ. ఇసుక గింజ అంటే 50 మి.మీ. రాయి. చాయ్ జాలితో జల్లించినా సరిపోదు, పలుచటి నూలు గుడ్డలో కట్టి దులిపిన దుమ్మే కావాలి. ఫెవికాల్ నీళ్లలో కలిపి పూసి, తడి మీద చల్లి, ఎండాక బ్రష్‌తో దులపండి. 1:100, ఆపైన గరుకు వద్దు, మట్టి రంగు చాలు.

గుళ్లు

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మూడు గర్భాలయాలు ఒకే మండపం చుట్టూ ఉన్న త్రికూటం. దీని మోడల్ చేసేవాళ్లందరికీ గర్భాలయం లోపల పగలంతా పడే స్తంభం నీడను చూపించాలనే కోరిక. అక్కడ సన్‌బోర్డు మోసం చేస్తుంది. తెల్ల సన్‌బోర్డు, థర్మోకోల్, పలుచటి మౌంట్ బోర్డు గట్టి దీపం ముందు వెలుతురును తమలోంచి వదులుతాయి, గర్భాలయం లోపల చీకటి ఉండదు, నీడ తేలదు. గోడల మధ్యలో నల్ల కాగితం పొర పెట్టండి, లేదా 3 మి.మీ. ఎండీఎఫ్ వాడండి. లోపలి వైపు ముదురు బూడిద రంగు, మెరుపు లేకుండా. అతుకుల దగ్గర నల్ల టేపు వేయాలి, దీపం పెట్టి చూస్తే సందులు మీకే కనబడతాయి. స్తంభాల స్థానం ఒక మి.మీ. కదిలినా ఫలితం మారుతుంది కాబట్టి వాటి కింద బేసులో రంధ్రాలు వేసి దించండి.

ఒకే తీరు స్తంభాలు ఎక్కువ కావాలంటే ఒకటి శ్రద్ధగా చేసి అచ్చు తీయడమే దారి. వేర్వేరు వ్యాసాల ఎండీఎఫ్ చక్రాలను లేజరులో కోయించి, నడుమ రంధ్రంలో తీగ గుచ్చి పేర్చితే మొదటి స్తంభం తయారు. సిలికాన్ రబ్బరు అచ్చు పోసి, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ నింపాలి. కొలతతో రెండు వంతుల పొడికి ఒక వంతు నీరు, నీళ్లలో పొడి చల్లాలి తప్ప పొడిలో నీళ్లు పోస్తే గడ్డలు కడుతుంది. మొదట బ్రష్‌తో పలుచగా పూసి, తర్వాత నింపితే బుడగలు రావు. 4 మి.మీ. కంటే సన్న స్తంభంలో బైండింగ్ వైరు ముక్క పెట్టకపోతే అచ్చు విప్పేటప్పుడే విరుగుతుంది.

ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల శిఖరాలు వంపు తిరుగుతూ పైకి పోతాయి. దాన్ని షీటు వంచి చేయలేం. పొరలు పేర్చాలి. మోడల్‌లో శిఖరం 200 మి.మీ. వస్తే 3 మి.మీ. ఎండీఎఫ్ పొరలు 67. ప్రతి పొర మీద అంకె లేజరుతోనే గీయించండి, లేకపోతే కలిసిపోయిన పొరలు సర్దడానికి పూట పడుతుంది. అన్ని పొరలకు రెండు రంధ్రాలు ఒకే చోట వేయించి రెండు కడ్డీలకు గుచ్చితే మెలి తిరగదు. ఒకే రంధ్రం అయితే తప్పకుండా తిరుగుతుంది.

గుట్టలు, నీళ్లు

భువనగిరి కోట ఉన్న ఏకశిల లాంటి గుట్టకు కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) వెంబడి కోసిన షీట్లు పేర్చితే మెట్ల బావి కనబడుతుంది, నున్నని రాయి కనబడదు. 1:500లో ఒక మీటరు కాంటూరు అంటే 2 మి.మీ. కాబట్టి 2 మి.మీ. గ్రే బోర్డు పొరలు పేర్చండి, తర్వాత మెట్లను పేపరు గుజ్జుతో నింపండి, పైన ఫెవికాల్ నీళ్లలో ముంచిన టిష్యూ కాగితం పరవండి. వాల్ పుట్టీ ఒక్కసారే మందంగా పూస్తే పగులుతుంది, 2 మి.మీ. మించని పొరలుగా, ఒకటి ఎండాక ఒకటి. చివర క్రషర్ డస్టు గుడ్డలో జల్లించి చల్లితే గ్రానైటు బూడిద రంగు దానంతటదే వస్తుంది.

షీటు ఆదాకు పాత పద్ధతి: రెండు షీట్ల మీద కాంటూరు పటం అతికించండి. ఒకదాన్ని 1, 3, 5 గీతల మీద, రెండోదాన్ని 2, 4, 6 గీతల మీద కోయండి. ఒక్కో ముక్క పట్టీలా వస్తుంది, ప్రతి కింది పట్టీ దాని పైపట్టీ అంచు దాటి కిందికి చేరుతుంది కాబట్టి పైది దాని మీద ఆనుతుంది. పదిహేను షీట్లు పోయేచోట రెండే పోతాయి. నడుమ బోలుగా ఉంటుంది కాబట్టి కింద అట్ట ముక్కలు ఆధారంగా నిలపాలి.

నాగార్జునసాగర్ చేయాలనుకునేవాళ్లు ముందు స్కేలుతో కూర్చోవాలి. రాతి కట్టడం సుమారు 1,450 మీటర్లు, ఎత్తు దాదాపు 124 మీటర్లు, రెండు పక్కల మట్టికట్టలు కలిపితే మొత్తం 4.9 కిలోమీటర్లకు దగ్గర. 1:1000లో మొత్తం డ్యాం దాదాపు ఐదు మీటర్లవుతుంది, 1:5000లో మీటరులో ఇముడుతుంది కానీ ఎత్తు 25 మి.మీ.కు పడిపోతుంది, గేట్లు గీతలవుతాయి. నిజాయతీగా చూపాలంటే 1:5000లో ఒకటి, 26 గేట్లున్న రాతి కట్టడం మాత్రం 1:1000లో మరొకటి. రెండోది 1.45 మీటర్లు, రెండు బేసు ముక్కలుగా చేయండి. నీళ్లకు 2 మి.మీ. యాక్రిలిక్, దాని కింది వైపు నీలం రంగు. ఎపాక్సీ రెజిన్ పోస్తే 3–5 మి.మీ. పొరలుగానే, మందంగా పోస్తే అదే వేడెక్కి పగుళ్లు తెస్తుంది, కింద థర్మోకోల్ ఉంటే కుంగుతుంది.

చెట్లు చేయడానికి రాగి తీగ మెలివేసి స్పాంజి ముక్కలు అతికించండి. మనిషి 1:50లో 34 మి.మీ. ఉంటాడు, చెట్టు దాన్నిబట్టే. గడ్డికి రంపపు పొట్టు జల్లించి ముదురు ఆకుపచ్చ కలపండి, బజారు గడ్డి చాప మరీ మెరుస్తుంది.

బేసు, మూత, ప్రయాణం

రెండడుగుల లోపు బేసుకు 12 మి.మీ. ప్లైవుడ్. అంతకు మించితే కింద చుట్టూ చెక్క పట్టీ కొట్టాలి, మూడడుగులు దాటితే నడుమ కూడా ఒకటి. పైన కాగితం అతికిస్తే కింద కూడా అతికించండి, లేకపోతే ఒక వానాకాలంలో పైకి వంగుతుంది. ఆర్టీసీ బస్సులో ఒడిలో పెట్టుకుని పోవాలంటే రెండడుగులు మించవద్దు, అంతకంటే పెద్దదైతే ముక్కలుగా చేసి బోల్టులతో కలిపేలా ప్లాను చేయండి. అతుకు గీతను రోడ్డు అంచు మీదో కాంపౌండు గోడ కిందో వేస్తే కనబడదు.

అట్టపెట్టెలో పెట్టేటప్పుడు బేసును పెట్టె అడుగుకు స్క్రూతో బిగించండి. చుట్టూ పేపర్లు కుక్కితే పిట్టగోడలు, రైలింగులు నలుగుతాయి. వేసవిలో తెల్లవారుజామున బయలుదేరండి, మధ్యలో బండి ఆపితే మోడల్‌ను దించి నీడలో పెట్టండి. మోడల్‌తో పాటు చిన్న డబ్బాలో కట్టరు, ఇంకా తెరవని ఫెవిక్విక్ ట్యూబులు రెండు, పట్టకారు, అదే షీటు ముక్కలు, గోడకు వేసిన రంగు కొంచెం, విడి చెట్లు నాలుగు తీసుకెళ్లండి. పోయాక మొదట చూడాల్సినవి సజ్జల మూలలు, మెట్ల రైలింగు, కప్పు ఎత్తే పట్టు.